సిద్ధంగా లేనిది సర్పంచు కాదు

పంచాయతీలూ మున్సిపాలిటీలూ కృత్రిమ మేధకు, ఆన్‌లైన్ పాలనకు, మారిపోతున్న కొలువులకు సిద్ధంగా ఉన్నాయా అని ఎవరడిగినా ఒకే సమాధానం వినిపిస్తుంది. సర్పంచుకు చదువు తక్కువ, కౌన్సిలరుకు కంప్యూటరు రాదు, వార్డు మెంబరుకు ఆసక్తి లేదు. కాబట్టి వ్యవస్థలన్నీ రాజధానిలో తయారు చేసి కిందికి పంపాలి, వాటిని వాడటానికి రెండు రోజుల శిక్షణ పెట్టాలి. ఈ వాదనకు మరో రెండు మాటలు తోడవుతాయి. యాప్ వస్తే మధ్యలో మనిషి ఉండడు గనక అవినీతి పోతుందన్నది ఒకటి. కొంత పని యంత్రం చేస్తుంది, ఉద్యోగులు మెల్లగా సర్దుకుంటారన్నది రెండోది. అధికారుల సమీక్షల్లోనూ, సాఫ్ట్‌వేర్ సంస్థల ప్రతిపాదనల్లోనూ, చదువుకున్న పట్టణవాసుల సంభాషణల్లోనూ ఈ మూడూ తిరుగులేని సత్యాలుగా చెలామణీ అవుతున్నాయి.

మూడూ తప్పే. తెలుగు నేల మీద పాతికేళ్ళుగా జరిగిన ప్రయోగాలే అందుకు సాక్ష్యం. ఏ యంత్రం రావాలి, ఎవరి పని మారాలి, తప్పు జరిగితే ఎవరు సరిదిద్దాలి అన్న మూడు నిర్ణయాల్లోనూ స్థానిక నాయకుడికి చోటు లేదు. చోటు ఇవ్వకుండా అతడు వెనకబడ్డాడని తీర్పు చెప్పడం అన్యాయం. ఆ తీర్పు ఆధారంగా మరింత అధికారాన్ని పైకి లాక్కోవడం ప్రమాదకరం.

ముందు చదువు సంగతి. చదువూ డబ్బూ నిపుణులూ ఉంటే స్థానిక ప్రభుత్వం కొత్త సాంకేతికతను సరిగ్గా వాడుతుందన్న మాట నిజమైతే, న్యూయార్క్ నగరపాలక సంస్థ అందరికీ ఆదర్శం కావాలి. ఆ నగరం 2023 అక్టోబరులో వ్యాపారుల సందేహాలు తీర్చడానికి కృత్రిమ మేధతో నడిచే చాట్‌బాట్‌ను తెచ్చింది. 2024 మార్చిలో ‘ది మార్కప్’ అనే వార్తాసంస్థ దాన్ని పరీక్షించింది. పనివాళ్ళకు వచ్చిన టిప్పులో యజమాని వాటా తీసుకోవచ్చని అది సలహా ఇచ్చింది. ప్రభుత్వ అద్దె సాయం మీద బతికేవారికి ఇల్లు ఇవ్వనక్కరలేదని చెప్పింది. రెండూ ఆ నగరంలో చట్టవిరుద్ధం. ప్రపంచంలోని అత్యంత సంపన్న నగరం, సొంత సాంకేతిక విభాగం ఉన్న నగరం, తన చట్టాలు తనకే తెలియని యంత్రాన్ని జనం ముందు పెట్టింది.

ఆమ్‌స్టర్‌డామ్ కథ వేరు. సంక్షేమ సాయానికి వచ్చిన దరఖాస్తుల్లో ఏవి అనుమానించదగ్గవో చెప్పే నమూనాను ఆ నగరం తయారు చేయించింది. అందులో పక్షపాతం ఉందేమోనని పరీక్షలు చేయించింది. సంక్షేమ సాయం పొందేవారి తరఫున మాట్లాడే సలహా మండలికి చూపించింది. ఆ మండలి మొదటి నుంచీ వ్యతిరేకించింది. ప్రయోగాత్మకంగా నడిపి చూసినప్పుడు పక్షపాతం మరో రూపంలో బయటపడింది, మామూలు ఉద్యోగుల కంటే అది మెరుగ్గా పనిచేయలేదని తేలింది. నగరం దాన్ని ఆపేసింది. ఇక్కడ గమనించాల్సింది నగర నాయకుల డిగ్రీలను కాదు. నమూనా ప్రభావం ఎవరి మీద పడుతుందో వాళ్ళ మాట వినే ఏర్పాటు ఉంది, ఆపేసే అధికారం నగరం చేతిలో ఉంది. ఈ రెంటిలో ఏదీ తెలుగు రాష్ట్రాల పంచాయతీకి లేదు.

అవకాశం దొరికిన చోట పల్లె నాయకులు ఏం చేశారో కూడా చూడాలి. వరంగల్ దగ్గరి గంగదేవిపల్లిలో సర్పంచు కూసం రాజమౌళి కాలంలో ఊరు కమిటీలుగా ఏర్పడి ప్రతి పనినీ తానే పట్టించుకుంది. తాగునీటి శుద్ధి యంత్రాన్ని ఊరి కమిటీ నడిపింది, కేబుల్ టీవీకి కూడా ఒక కమిటీ ఉండేది. కేరళలో తిరువనంతపురం జిల్లాలోని పుల్లంపార పంచాయతీ ఉపాధి హామీ పని జరిగే చోటికే వెళ్ళి కూలీలకు స్మార్ట్‌ఫోను వాడకం నేర్పింది. 2022 సెప్టెంబరు 21న దేశంలో మొట్టమొదటి సంపూర్ణ డిజిటల్ అక్షరాస్యత సాధించిన పంచాయతీగా దాన్ని ప్రకటించారు. 2025 సెప్టెంబరులో విశాఖపట్నంలో జరిగిన జాతీయ ఈ-పాలన సదస్సులో పంచాయతీల విభాగంలో స్వర్ణ పురస్కారం మహారాష్ట్ర ధూలే జిల్లాలోని రోహిణి గ్రామానికీ, రజతం త్రిపురలోని పశ్చిమ మజ్లిష్‌పూర్‌కూ దక్కాయి. ఇవి మహానగరాలూ కావు, ఐటీ కేంద్రాలూ కావు. విశాఖ వేదిక మీద ఆ పురస్కారాలకు చప్పట్లు కొట్టినవాళ్ళు తమ రాష్ట్రంలోని సర్పంచుల చేతిలో ఏ అధికారం ఉందో ఒకసారి లెక్క చూసుకోవాలి.

ఆ లెక్క 1993 నుంచి మొదలవుతుంది. 73వ రాజ్యాంగ సవరణ ఆ ఏడాది ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలు చేర్చారు. నిధులు, విధులు, సిబ్బంది ఇవ్వండని సర్పంచుల సంఘాలు అప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నాయి. ఇవ్వాల్సినవి ఇవ్వకముందే డిజిటల్ పాలన వచ్చింది, వచ్చి ఉన్న కాస్త అధికారాన్నీ పలచబరిచింది. 2021, 2022 సంవత్సరాల్లో ఆంధ్రప్రదేశ్ సర్పంచులు రోడ్డెక్కిన సందర్భం ఇందుకు ఉదాహరణ. ఆర్థిక సంఘం నుంచి వచ్చిన పంచాయతీ నిధులను తమకు తెలియకుండానే విద్యుత్ బకాయిల కింద సర్దుబాటు చేశారని వారి ఆరోపణ. కాగితపు చెక్కుల కాలంలో సర్పంచు సంతకం లేకుండా పంచాయతీ సొమ్ము కదలడం కష్టం. ఖాతాలన్నీ కేంద్రీకృత కంప్యూటర్ వ్యవస్థలోకి చేరాక ఆ సంతకం విలువ ఎంతో సర్పంచులకు అనుభవంలోకి వచ్చింది.

గ్రామ సచివాలయాల విషయం ఇంకా స్పష్టం. 2019 అక్టోబరు 2న తూర్పు గోదావరి జిల్లా కరపలో ప్రారంభమైన ఈ వ్యవస్థ రాష్ట్రమంతటా సుమారు 15 వేల గ్రామ, వార్డు సచివాలయాలకు, లక్షా 30 వేల మందికి పైగా ఉద్యోగులకు విస్తరించింది. ఊళ్ళో డిజిటల్ అసిస్టెంట్ వచ్చాడు, వెల్ఫేర్ అసిస్టెంట్ వచ్చాడు, ఇంజనీరింగ్ అసిస్టెంట్ వచ్చాడు. పంచాయతీల చరిత్రలో ఇంతమంది చదువుకున్న యువతీయువకులు ఒక్కసారి పల్లెకు చేరిన సందర్భం మరొకటి లేదు. వాళ్ళను ఎన్నికైన పంచాయతీకి అనుసంధానించి ఉంటే దేశానికే పాఠమయ్యేది. అలా జరగలేదు. ఆదేశాలు పై శాఖల నుంచి వచ్చాయి, సమాధానం చెప్పుకోవడం పై శాఖలకే. సచివాలయంలో తమకు కుర్చీ కూడా లేదని సర్పంచులు మొత్తుకున్నారు. దానికి తోడు ఒక్కొక్కరు 50 ఇళ్ళ చొప్పున చూసుకునే రెండున్నర లక్షల మంది వలంటీర్లు ఫోన్లతో, వేలిముద్ర యంత్రాలతో ఊరంతా తిరిగారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ వ్యవస్థ ఆగిపోయింది. పింఛన్ల పంపిణీ సచివాలయ ఉద్యోగుల భుజాల మీద పడింది. 2025 జనవరి 30న వాట్సాప్‌లో 161 సేవలతో ‘మన మిత్ర’ వచ్చింది. సేవల సంఖ్య ఆ తర్వాత పెరుగుతూ పోయింది.

ఇక్కడ ఏ పార్టీ మంచిది, ఏ పార్టీ చెడ్డది అన్న చర్చ అనవసరం. వలంటీర్లను తెచ్చినప్పుడూ ఎవరూ గ్రామసభను అడగలేదు, తీసేసినప్పుడూ అడగలేదు, వాట్సాప్ తెచ్చినప్పుడూ అడగలేదు. ఆరేళ్ళలో పల్లె పాలన మూడుసార్లు రూపు మార్చుకుంది. మూడుసార్లూ సర్పంచు ఆ వార్త పత్రికలో చదివాడు. ఇలాంటి వాడిని మార్పుకు సిద్ధంగా లేడని నిందించడానికి ఎవరికీ నైతిక హక్కు లేదు.

తెలంగాణలో పరిస్థితి ఇంకో రకంగా ఉంది. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసింది. 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగేదాకా దాదాపు 22 నెలలు ప్రత్యేకాధికారులే పాలించారు. ప్రపంచమంతా కృత్రిమ మేధ గురించి మాట్లాడుకుంటున్న ఆ రెండేళ్ళలో పన్నెండు వేలకు పైగా పంచాయతీల్లో మాట్లాడటానికి ఎన్నికైన నాయకుడే లేడు. సర్పంచును కూర్చోబెట్టనే లేదు, ఇక సిద్ధం చేసేదెక్కడ?

మహిళల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. రెండు రాష్ట్రాల్లోనూ స్థానిక పదవుల్లో సగం మహిళలవి. ఎన్నికైన మహిళ పేరు మీద భర్త పెత్తనం చేసే దురాచారాన్ని ఎలా ఆపాలో చెప్పమని కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ఒక కమిటీని వేసింది. 2025లో వచ్చిన ఆ నివేదిక శిక్షలతో పాటు వర్చువల్ రియాలిటీ శిక్షణ, స్థానిక భాషల్లో కృత్రిమ మేధ సలహాలు కూడా సూచించింది. శిక్షణ మంచిదే. అయితే పంచాయతీ చెల్లింపులు జరిగే డిజిటల్ కీ ఎవరి జేబులో ఉందన్నది అంతకన్నా ముందు తేలాలి. ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుందో తేలాలి. ఆమె వేలు, ఆమె కీ, ఆమె ఫోను ఆమె దగ్గర ఉండేలా చూడటానికి వర్చువల్ రియాలిటీ అక్కరలేదు. మండల అధికారి గట్టిగా నిలబడితే చాలు.

ఇక కొలువుల మార్పు. యంత్రం వస్తే మనిషి సర్దుకుంటాడన్న నమ్మకానికి భూరికార్డుల పోర్టల్ ధరణి గట్టి దెబ్బ. తెలంగాణ ప్రభుత్వం 2020 సెప్టెంబరులో గ్రామ రెవెన్యూ అధికారి (వీఆర్వో) పదవినే చట్టం ద్వారా రద్దు చేసింది, అక్టోబరు 29న ధరణి పోర్టల్‌ను ప్రారంభించింది. ఐదు వేల మందికి పైగా వీఆర్వోలు పని లేకుండా గాలిలో ఉండిపోయారు. 2022లో లాటరీ తీసి వాళ్ళను వేరే శాఖలకు పంపారు. వీఆర్వోల మీద అవినీతి ఆరోపణలు ఉన్న మాట వాస్తవం. కానీ ఏ పొలం గట్టు ఎక్కడుందో, ఎవరు ఎవరికి నోటిమాట మీద అమ్మారో, ఏ కుటుంబంలో పంపకాలు ఎక్కడ ఆగిపోయాయో తెలిసిన మనిషి ఊళ్ళో లేకుండా పోయాడు. పోర్టల్‌లో తప్పు పడితే సరిదిద్దే అధికారం తహసీల్దారుకు కూడా లేకుండా కలెక్టరు దాకా వెళ్ళింది. వివాదాలున్నాయంటూ పార్ట్-బి జాబితాలో పెట్టిన భూముల యజమానులు ఏళ్ళ తరబడి తిరిగారు. చివరికి 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది, ఆ సెప్టెంబరులో సుమారు ఐదు వేల మంది గ్రామ పాలన అధికారులను నియమించారు. మనిషిని తీసేసి తెరను పెట్టిన రాష్ట్రం ఐదేళ్ళకు తెర పక్కన మళ్ళీ మనిషిని కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఆ ఐదేళ్ళలో రైతులు పోగొట్టుకున్న కాలానికి పరిహారం ఎవరూ ఇవ్వలేదు. వీఆర్వోను రద్దు చేసే ముందు పంచాయతీలను పిలిచి మాట్లాడి ఉంటే, అవినీతిని తుంచి అనుభవాన్ని నిలుపుకొనే దారి దొరికేది.

పంచాయతీ కార్యదర్శి మీద పడ్డ బరువు చూస్తే యంత్రం పని తగ్గిస్తుందన్న మాట నిలవదు. 2020లో సమ్మె చేశారని ఏడు వేలకు పైగా ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్లను తెలంగాణ ప్రభుత్వం తొలగించింది. రెండేళ్ళ తర్వాత తిరిగి తీసుకునేదాకా వాళ్ళ పని కూడా కార్యదర్శే చేశాడు. పారిశుధ్యం ఫొటోలు ఒక యాప్‌లో, నర్సరీ మొక్కలు ఒక యాప్‌లో, ఇంటి పన్ను ఇంకో యాప్‌లో పెట్టాలి. దానిపైన తాను పనికి వచ్చినట్టు ముఖం చూపించి హాజరు వేసుకోవాలి. 2025లో కొందరు కార్యదర్శులు ఆ హాజరులో తమ ముఖానికి బదులు వేరే ఫొటోలు పెట్టారని బయటపడి సస్పెన్షన్లు జరిగాయి. చేసినవాళ్ళది తప్పే. ఐతే ఉద్యోగి తన ఊరికి వచ్చాడో లేదో ఆ ఊరి సర్పంచుకు తెలియదా? తెలుసు. ఆ మాటకు విలువ ఇవ్వకుండా ఎక్కడో ఉన్న సర్వర్‌ను నమ్ముకున్నందువల్లే ఒక ఫొటో చాలింది.

పట్టణాల్లో ఈ భారం పారిశుధ్య కార్మికుల మీద పడింది. తెల్లవారకముందే చీపురు పట్టే మనిషిని మొదట వేలిముద్రతో, తర్వాత ముఖంతో గుర్తించడం మొదలైంది. చండీగఢ్, నాగ్‌పూర్ వంటి నగరాలు వాళ్ళ చేతులకు జీపీఎస్ గడియారాలు తొడిగాయి. తమను ప్రతి నిమిషం వెంటాడుతున్నారని చండీగఢ్ కార్మికులు ఆందోళన చేశారు. దొంగ హాజర్లు అరికట్టాలన్న లక్ష్యాన్ని తప్పుపట్టక్కరలేదు. అయితే హైదరాబాద్‌లో నకిలీ వేలిముద్రలు తయారు చేసి, పనికి రానివాళ్ళ పేర జీతాలు కాజేసిన కేసుల్లో పట్టుబడింది హాజరు వేసే పర్యవేక్షకులు. చీపురు పట్టిన చేతులు ఆ నేరం చేయలేదు. అయినా గడియారం కార్మికుడి చేతికే వచ్చింది. ఏ పరికరమైనా కింది మనిషినే చూడాలి, పై మనిషిని చూడకూడదు అన్న ఆలోచన ఎవరిదో తెలుసుకుంటే, ఈ సాంకేతికత ఎవరి కోసం వచ్చిందో అర్థమవుతుంది.

అవతలి పక్షం వాదనలో బలమైనది అవినీతి. దాన్ని దాటవేయడం నిజాయితీ కాదు. సర్పంచులు దొంగ బిల్లులు పెట్టారు. ఉపాధి హామీ మస్టర్లలో చనిపోయినవాళ్ళ పేర్లు కనిపించాయి. కౌన్సిలర్లు కాంట్రాక్టర్లతో కుమ్మక్కయ్యారు. అలాంటి చేతుల్లో సాంకేతిక నిర్ణయాలు పెట్టమంటారా అని అడిగేవారికి జవాబు చెప్పాలి.

జవాబు హైదరాబాద్‌లోనే ఉంది. 1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రిజిస్ట్రేషన్ల శాఖలో ‘కార్డ్’ అనే కంప్యూటరీకరణను ప్రారంభించింది. దేశవిదేశాల్లో దానికి గొప్ప పేరు వచ్చింది. జొనాథన్ కేస్లీ అనే పరిశోధకుడు ఆ కార్యాలయాల్లో సేవలు పొందినవారిని అడిగి, 2004లో ‘ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో వ్యాసం రాశాడు. కంప్యూటర్లు వచ్చాయి, దస్తావేజు లేఖర్లు ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు, లంచాలు ఆగలేదు అన్నది దాని సారాంశం. అదే పరిశోధకుడు అదే నగరంలో జలమండలిని కూడా పరిశీలించాడు. అక్కడ ఫలితం మెరుగ్గా ఉంది. ఫిర్యాదుకు ఒక ఫోను నంబరు, కొత్త కనెక్షన్లకు ఒకే చోట సింగిల్ విండో, కింది స్థాయి మేనేజర్లకు బాధ్యత, పై అధికారుల క్రమం తప్పని సమీక్ష, జనం నుంచి ఒత్తిడి అన్నీ కలిసి పనిచేశాయి. ఒకే నగరం, ఒకే కాలం, ఒకే ప్రభుత్వం. తేడా తెచ్చింది పనిని ఎలా అమర్చారు, ఎవరు ఎవరికి జవాబుదారీ అన్న విషయాలే. కంప్యూటరు రెండు చోట్లా ఉంది.

ఉపాధి హామీ చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన పథకానికి ఉమ్మడి రాష్ట్రం మంచి సాఫ్ట్‌వేర్ తయారు చేయించింది. దానితో పాటు సామాజిక తనిఖీని పెట్టింది. కంప్యూటరు ఇచ్చిన మస్టరును ఊరి మధ్య గట్టిగా చదివారు. ఫలానావాడు ఫలానా వారం పని చేశాడని చదివితే, వాడు హైదరాబాద్‌లో ఉన్నాడు కదా అని జనం లేచి చెప్పారు. అక్రమాలు అలా బయటికి వచ్చాయి. పదిహేనేళ్ళకు పైగా గడిచాక దారి మారింది. 2023 జనవరి 1 నుంచి కూలీల హాజరు నమోదు చేసే ఎన్‌ఎంఎంఎస్ యాప్‌లో రోజుకు రెండు ఫొటోలు తప్పనిసరి అయ్యాయి. ఫొటో ఎక్కకపోతే కూలి పోయింది. మరి మోసం ఆగిందా? 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఒక సర్క్యులర్‌లో సంబంధం లేని ఫొటోలు, ఫొటోకు తీసిన ఫొటోలు, ఒకే ఫొటో పలు మస్టర్లకు వాడటం వంటి అక్రమాలను ఏకరువు పెట్టింది. వాటికి విరుగుడుగా పంచాయతీ స్థాయిలో ఫొటోలను నూటికి నూరు శాతం మనుషులే పరిశీలించాలని ఆదేశించింది. మనిషిని నమ్మలేక తెచ్చిన యంత్రాన్ని కాపలా కాయడానికి అదే ఊరి మనిషిని పెట్టారు. ఆ కొత్త పనికి అదనపు సిబ్బంది లేదు, జీతం లేదు.

ఇంత అనుభవం తర్వాత కూడా 2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ స్థానంలో ఆమోదించిన వీబీ-జీ రామ్ జీ చట్టం 125 రోజుల పనితో పాటు బయోమెట్రిక్ ధ్రువీకరణను, కృత్రిమ మేధ ఆధారిత నిఘాను చట్టంలోకే తెచ్చింది. అంటే ఇకమీదట యంత్రం తప్పు చేసిందని చెప్పాల్సిన బాధ్యత మరింతగా స్థానిక నాయకుల మీద పడుతుంది. చెప్పే వేదికను మాత్రం ఎవరూ పటిష్ఠం చేయలేదు.

యంత్రం తప్పు చేస్తే ఏమవుతుందో తెలంగాణకు తెలియని సంగతి కాదు. వేర్వేరు శాఖల సమాచారాన్ని కలిపి ఒక కుటుంబానికి కారుందా, ఇల్లుందా, ఉద్యోగముందా అని తేల్చే ‘సమగ్ర వేదిక’ ఆధారంగా రేషన్ కార్డులు రద్దయ్యాయి. ముందుగా నోటీసు లేకుండా కార్డులు పోయాయి. పేర్లు, చిరునామాలు దగ్గరగా ఉన్నంత మాత్రాన వేరొకరి కారు పేదవాడి ఖాతాలో పడిన ఉదంతాలున్నాయి. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించమంది. ఆ జులై నాటికి పరిశీలించిన రెండు లక్షల పైచిలుకు దరఖాస్తుల్లో 15 వేలకు పైగా కుటుంబాలు అర్హులని తేలింది. అంటే దాదాపు ఏడున్నర శాతం. ఆ శాతం వెనక తిండిగింజలు ఆగిపోయిన ఇళ్ళున్నాయి.

రిక్షా తొక్కే మనిషికి కారుందా అన్న ప్రశ్నకు వీధిలో ఉన్న వార్డు మెంబరు ఒక్క క్షణంలో జవాబు చెప్పగలడు. అతడిని అడగలేదు. అడిగితే పక్షపాతం చూపిస్తాడని భయమైతే, అతడి జవాబును వార్డు సభలో అందరి ముందు చెప్పించవచ్చు. యంత్రం ఇచ్చిన జాబితా, వార్డు సభ ఇచ్చిన జాబితా పక్కపక్కన పెట్టి తేడాలను విచారించడం ఏ సాఫ్ట్‌వేర్ సంస్థకూ చేతగాని పని కాదు, ఏ ప్రభుత్వానికీ భారం కాదు. ఆ చిన్న మెట్టును వదిలేయడం వల్ల సుప్రీంకోర్టు దాకా పోవాల్సి వచ్చింది.

సరైన సంసిద్ధత ఎలా ఉంటుందో చూపే ఉదాహరణలు కూడా తెలుగు నేల మీదా, కేరళలోనూ ఉన్నాయి. హైదరాబాద్ జలమండలి 2017లో ఇరుకు గల్లీల్లో మురుగు కాలువలు శుభ్రం చేసే 70 మినీ జెట్టింగ్ యంత్రాలను రంగంలోకి దించింది. దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీతో కలిసి, ఆ యంత్రాలకు ఎస్సీ, ఎస్టీ యువకులు యజమానులయ్యేలా రుణాలు ఇప్పించారు. తరతరాలుగా మ్యాన్‌హోల్‌లోకి దిగిన కులాలవారు యంత్రం రాగానే వీధిన పడకూడదు, ఆ యంత్రానికి సొంతదారులు కావాలన్న ఆలోచన అది. కేరళలో 2018లో తిరువనంతపురంలో దిగిన ‘బ్యాండికూట్’ రోబోను నడపడానికి మ్యాన్‌హోల్ పని చేసిన కార్మికులకే శిక్షణ ఇచ్చారు. పని మారినప్పుడు మనిషి ఎక్కడికి వెళ్తాడన్న ప్రశ్నను యంత్రం కొనకముందే వేసుకోవడం ఈ రెంటిలోనూ ఉంది.

దీనికి ఎదురుగా పల్లె ప్రగతి కార్యక్రమం కింద వచ్చిన ట్రాక్టర్లను పెట్టి చూడాలి. తెలంగాణలో ప్రతి పంచాయతీకీ ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు ఉండాలని పైనుంచి ఆదేశం వచ్చింది. ఆలోచన మంచిది, చెత్త ఎత్తడానికి యంత్రం రావడమూ మంచిదే. కానీ మూడొందల ఇళ్ళున్న ఊరికీ, మూడు వేల ఇళ్ళున్న ఊరికీ ఒకే కొలత. వాయిదాలు, డీజిలు, మరమ్మతు పంచాయతీ ఖజానా మీద పడ్డాయి. మల్టీపర్పస్ వర్కర్ పేరుతో ఒకే మనిషి చెత్త ఎత్తాలి, మోటరు వెయ్యాలి, అవసరమైతే ట్రాక్టరూ నడపాలి. ఆ విధానం రద్దు చేయాలని, దానికి ఆధారమైన జీవో 51 సవరించాలని కార్మికులు 2023లో సమ్మెకు దిగారు. రెండు మూడు చిన్న పంచాయతీలు కలిసి ఒక ట్రాక్టరు తీసుకోవచ్చా, డ్రైవరుకు వేరే వేతనం ఇవ్వాలా అన్న ప్రశ్నలు సర్పంచులకు తట్టనివి కావు. నిర్ణయం వాళ్ళది కాలేదు, బాకీ మాత్రం వాళ్ళదైంది.

కృత్రిమ మేధ విషయంలోనూ ఇదే తప్పు మొదలైపోయింది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2025 ఆగస్టులో ‘సభాసార్’ అనే సాధనాన్ని తెచ్చింది. గ్రామసభలో మాట్లాడిన మాటలను విని అదే మినిట్స్ తయారు చేస్తుంది. త్రిపుర పంచాయతీల్లో ఆ పంద్రాగస్టు గ్రామసభల నుంచే వాడకం మొదలైంది. రాత పని తెలియని సర్పంచుకు, ఊపిరాడని కార్యదర్శికి ఇది నిజమైన సాయం. ఐతే గ్రామసభ కాగితాల మీదే జరిగే చోట అది ఏం వింటుంది? దళితవాడ నుంచి వచ్చిన మహిళ వెనక వరుసలో నిలబడి మాట్లాడిన మాట మైకు దాకా చేరకపోతే మినిట్స్‌లో ఎలా చేరుతుంది? శ్రీకాకుళం మాండలికాన్నో, ఆదిలాబాద్ గోండి కలిసిన తెలుగునో అది తప్పుగా రాస్తే ఆ తప్పును ఎవరు, ఎప్పుడు సరిదిద్దాలి? ఈ ప్రశ్నలు ఢిల్లీలో తేలేవి కావు. ప్రతి సభ చివర మినిట్స్‌ను బయటికి చదివి, ఒప్పుకున్నాకే ఖరారు చేయాలన్న ఒక్క నియమం పెడితే సాధనం ఊరికి లోబడి ఉంటుంది.

2025 డిసెంబరులో ఎన్నికైన తెలంగాణ సర్పంచులకు ఐదేళ్ళ కాలం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2026లో ముగిసి కొత్తవాళ్ళు రావాలి. వీళ్ళకు ఇవ్వాల్సిన శిక్షణ రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థలో కావచ్చు, జిల్లా కేంద్రంలో కావచ్చు. దానికి ముందు రెండు ప్రభుత్వాలూ చట్టబద్ధంగా చేయాల్సిన పనులు నాలుగున్నాయి. పంచాయతీ పరిధిలో కొత్త యాప్ గాని, హాజరు పరికరం గాని ప్రవేశపెట్టే ముందు గ్రామసభ లేదా కౌన్సిల్ తీర్మానం తప్పనిసరి చేయాలి. యంత్రం నిరాకరించిన ప్రతి కార్డు, పింఛను, కూలి జాబితాను నెలనెలా ఆ ఊరి సభ ముందు పెట్టి, సభ అభ్యంతరం చెప్పిన వాటిని విచారణ పూర్తయ్యేదాకా ఆపకుండా కొనసాగించాలి. ఒక ఉద్యోగం రద్దయినా, రెండు ఉద్యోగాలు కలిసిపోయినా, కొత్త యాప్ పని చేరినా, ఆ ఉద్యోగుల సంఘంతోనూ స్థానిక సంస్థతోనూ ముందుగా రాతపూర్వకంగా సంప్రదించాలి. గ్రామ సచివాలయ సిబ్బంది రోజువారీ పని మీద పర్యవేక్షణను పంచాయతీకి అప్పగించాలి.

ఈ నాలుగింటికీ కొత్త సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. రెండు రాష్ట్రాల పంచాయతీరాజ్, పురపాలక చట్టాలకు సవరణలు చాలు. బడ్జెట్ సమావేశాల్లో ఆ బిల్లులు పెట్టమని సర్పంచుల సంఘాలు, పంచాయతీ కార్యదర్శుల సంఘాలు, మున్సిపల్ కార్మిక సంఘాలు కలిసి అడగాలి. ఇంతకాలం వేర్వేరుగా అడగడం వల్ల ఒకరి మీద ఒకరిని ఉసిగొల్పడం ప్రభుత్వాలకు సులువైంది.